సమస్యాపూరణం: సున్న చుట్టినట్టి శూరుఁ డతఁడు

నిర్వాహకుడు:
ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదముగా ఉన్నది; ముందరి మూడు పాదాలు మీరు పూరించవలెను.

సున్న చుట్టినట్టి శూరుఁ డతఁడు

విషయము టెస్టు క్రికెట్టు. అందులోనూ, పరుగులు రాక తల్లడిల్లే ఓపెనర్లను గాని, నడుములు విరుగగొట్టుకునే ఫాస్టు బౌలర్లను గాని వదలి బయటికి పోరాదు. సున్న చుట్టినవాడు శూరుడెట్లా అవుతాడన్నదే చిక్కు. ఆ చిక్కును గణయతులు చెడకుండా విప్పవలెను. ‘అతఁడు అనుకున్నాడు’, ‘అని ఎగతాళి చేసిరి’ వంటి పలాయన మార్గాలను ఈసారి ఒప్పుకోను.

తొలిబంతి:
కొత్త బంతి మెఱుపు కొంత తగ్గెడుదాఁక
నిలిచి పోరె గంట నేర్పుతోడ
వెనుక వచ్చు వారి వెత లెల్లఁ దీఱెను
సున్న చుట్టినట్టి శూరుఁ డతఁడు

గురులఘువు:
గణాలు, యతులు నిర్దుష్టంగా ఉన్నవి. ‘మెఱుపు’ అన్న మాటలో బంతి నిగనిగ, దాని వేగము రెండూ ధ్వనించడం బాగున్నది. అయితే గంటసేపు నిలిచి ఒక్క పరుగూ చేయని ఓపెనరును నేను చూచిన గుర్తు లేదు. 1999లో ఆక్లండులో దక్షిణాఫ్రికాపై న్యూజీలాండు ఆటగాడు జెఫ్ అలట్ 77 బంతులాడి, 101 నిమిషాలు క్రీజులో ఉండి సున్నకు ఔటైనాడు గాని, ఆయన బౌలరు, పదకొండవ స్థానములో దిగినవాడు. మీరు చెప్పిన లక్షణానికి దగ్గరగా వచ్చేది 2018 డిసెంబరులో ఆస్ట్రేలియాతో మనము ఆడిన మెల్‌బోర్న్ టెస్టు. మురళీ విజయ్, రాహుల్ ఇద్దరూ విఫలులైన తరువాత, నడిమి వరుసలో ఆడే హనుమ విహారిని ముందుకు నెట్టి, తొలి టెస్టు ఆడుతున్న మయాంక్ అగర్వాల్‌కు జత చేసినారు. విహారి చేసినవి 8 పరుగులు, ఆడినవి 66 బంతులు. స్కోరుకార్డు మాత్రమే చూచేవానికి అది వైఫల్యమే. తరువాత వచ్చిన పుజారా శతకము చేసిన సంగతి కలిపి చూస్తేనే మీ మూడవ పాదానికి అర్థము దక్కుతుంది.

తొలిబంతి:
ఎనిమిదిని సున్న చేయడము కవికి ఉన్న స్వేచ్ఛ అనుకోండి. విహారి గారినే తలచుకొని వ్రాసినాను.

పాతస్కోరు:
యాషెసందు బ్రాడు కేడుమార్లు చిక్కి
తడఁబడినను మఱల దర్ప మెసఁగ
మూఁడు నూఱులకును ముప్పదైదును గూర్చె
సున్న చుట్టినట్టి శూరుఁ డతఁడు

గురులఘువు:
వార్నర్ మీద వ్రాసిన ఈ పూరణలో సరుకు ఉన్నది గాని మొదటి పాదము కుంటుతున్నది. ఆటవెలది బేసి పాదములో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు రావలెను. ఇక్కడ ‘కేడుమా’ రగణము సరే. మిగిలిన ‘ర్లు చిక్కి’ జగణమైనది, అది ఇంద్రగణము కాదు. ‘యా’కు ‘కే’తో యతి కూడ కుదరలేదు. ఇట్లా మార్చవచ్చునేమో చూడండి:

ఏడుమార్లు బ్రాడు కిచ్చి వికెట్టును

‘బ్రాడుకు ఇచ్చి’ అన్నచోట ఉన్న ఇకారముతో ఏకారానికి స్వరయతి. యాషెస్ అన్న మాట పోయినది గాని, బ్రాడు ఏడుమార్లు అనగానే ఏ సిరీసో తెలియనివారు ఈ పద్యము చదవరు.

కందుకప్రియ:
ఆస్ట్రేలియా ఓపెనరు డేవిడ్ వార్నర్ ఇంగ్లండుతో ఆడిన 2019 యాషెస్‌లో పది ఇన్నింగ్సులలో చేసినవి 95 పరుగులు. అందులో లీడ్స్‌లో చేసిన 61 తీసివేస్తే మిగిలేది దాదాపు శూన్యమే. లీడ్స్ రెండవ ఇన్నింగ్సులోను, మాంచెస్టరులో రెండుసార్లును వరుసగా మూడు సున్నలు చుట్టినాడు. కనుక సమస్య ఇతనికి అతికినట్టు సరిపోతుంది. ఇంగ్లండు ఫాస్టు బౌలరు బ్రాడు చేసినదల్లా వికెట్టుకు అవతలి వైపు నుండి వచ్చి బంతి వేయడమే. అక్కడినుండి వచ్చే బంతి ఎడమచేతి ఆటగాని వైపు లోనికి దూసుకొని వస్తున్నట్టుండి, నేల తాకినాక నిటారుగా పోతుంది. ఆడితే అంచు తగులుతుంది, వదలితే స్టంపు పోతుంది. వార్నర్ ఆ సిరీసంతా ఈ రెంటి నడుమ నలిగినాడు. కొద్ది నెలలకే అడిలయిడులో పాకిస్తానుపై 335 చేసి అజేయంగా నిలిచినాడు. ఆ మూడు నెలలలో అతని ఆట పూర్తిగా మారిపోయినదని నేను నమ్మను. మారినవి బంతి, గాలి, బౌలరు నిలిచిన చోటు. ఓపెనరు వైఫల్యాన్ని తూచేటప్పుడు ఈ మూడింటిని తక్కెడలో వేయనివారే ఎక్కువ.

పాతస్కోరు:
సవరణకు కృతజ్ఞుడను. జగణము నా కంటపడకుండా ఎట్లా జారిపోయినదో!

ఎముకలగూడు:
వృత్తిరీత్యా ఎముకల పగుళ్ళు చూచేవాణ్ణి. అందుచేత నా సున్న వేరు.

వెన్నుపూసలోని వెంట్రుకంత పగులు
పటమునందు వెదకి పట్టి చూపి
బౌలరునకు నడుము పదిలమ్ముగాఁ జేసె
సున్న చుట్టినట్టి శూరుఁ డతఁడు

నిర్వాహకుడు:
ఇంతవరకు వచ్చిన పూరణలలో సమస్యను నిజంగా విరిచినది ఇదే. స్కాను పటము మీద పగులు చుట్టూ పెన్సిలుతో గీసిన సున్న! అందరూ స్కోరుకార్డులో వెదకుతుండగా మీరు ఆసుపత్రిలో వెదకినారు. బౌ–ప యతి కూడ చక్కగా చెల్లినది. ‘పదిలమ్ముగాఁ జేసె’ అన్నది మాత్రము అతిశయోక్తిగా తోచుచున్నది. సున్న చుట్టినంత మాత్రాన ఎముక అతుకునా?

ఎముకలగూడు:
అతుకదు, నిజమే. బౌలరు ముందు కాలు నేలను తాకే క్షణములో శరీర బరువుకు ఎన్నో రెట్లు భారము ఆ కాలి మీదుగా నడుముకు ఎక్కుతుంది. అదే క్షణములో మొండెము పక్కకు వంగి మెలితిరుగుతుంది. కుడిచేతి బౌలరుకు పగులు సాధారణంగా నడుము ఎడమవైపున, కింది వెన్నుపూసల వెనుక భాగములోని సన్నని ఎముక వద్ద వస్తుంది. ఒక్క బంతితో విరిగేది కాదు. ఒకే చోట వేలసార్లు పడిన భారముతో అలసి చిట్లే ఎముక అది. చిట్లకముందే ఆ ఎముకలో వాపు ఎమ్మారై పటములో కనబడుతుంది. ఆ దశలో సున్న చుట్టగలిగితే నెలల విశ్రాంతితో బయటపడవచ్చును. ఆలస్యమైతే కాలము ఏండ్లలోకి పోతుంది. ఇరవై దాటీ దాటని వయసులో ఎముక ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది గనుక కుర్రవాళ్ళకే ముప్పెక్కువ. ఆస్ట్రేలియా ఫాస్టు బౌలరు ప్యాట్ కమిన్స్ 2011 నవంబరులో పద్దెనిమిదేండ్లకు జొహానెస్‌బర్గులో తొలి టెస్టు ఆడి, రెండవ ఇన్నింగ్సులో 79 పరుగులకు 6 వికెట్లు తీసినాడు. అతని రెండవ టెస్టు 2017 మార్చిలో, రాంచీలో. ఆ నడుమ పోయిన అయిదేండ్లకు పైబడిన కాలములో గాయాలదే పెద్ద వాటా. మూడవ పాదములో నేను చెప్పదలచినది ఇదే గాని, ఆటవెలదిలో ఇంత పట్టలేదు.

గురులఘువు:
పట్టనక్కర లేదు. పద్యము తేలికగా ఉన్నందుననే ఈ వివరణ రుచించినది.

కందుకప్రియ:
నాదొకటి.

నడుము పట్టి వేయ నాఁటి సిడ్నీలోన
బంతి ముట్టలేని బాధతోడ
ముప్పదియును రెండు ముందె కూల్చినవాఁడె
సున్న చుట్టినట్టి శూరుఁ డతఁడు

నిర్వాహకుడు:
2025 జనవరి, ఆస్ట్రేలియాతో సిడ్నీ టెస్టు, బుమ్రా. ఆ సిరీసులో 150కి పైగా ఓవర్లు వేసి 32 వికెట్లు తీసి, చివరి టెస్టులో నాయకుడై, రెండవ రోజు స్కానుకై మైదానము విడిచి వెళ్ళినాడు. రెండవ ఇన్నింగ్సులో బ్యాటు పట్టి ఆస్ట్రేలియా బౌలరు బోలండ్ బంతికి సున్నకే బౌల్డయినాడు. ఆస్ట్రేలియా 162 ఛేదిస్తుంటే అతడు వేసిన ఓవర్లూ సున్నయే. ఒకే ఆటలో రెండు సున్నలు, రెండూ నడుము పుణ్యమే. 2023లో ఆ నడుముకు శస్త్రచికిత్స జరిగియున్నది గనుక చూచేవారి గుండె గుబేలుమన్నది. అదే టెస్టుకు ముందు, ఆ సిరీసులో అయిదు ఇన్నింగ్సులలో 31 పరుగులే చేసిన రోహిత్ శర్మ తనంతట తాను పక్కకు తప్పుకొన్నాడు. మన విషయములోని రెండు పాయలూ ఆ ఒక్క మైదానములోనే కలిసినవి.

గురులఘువు:
భావము పూర్తిగా అతికినది. అయితే ముప్పది రెండు వేటిని కూల్చినాడో పద్యములో లేదు. సిడ్నీ మాట వినగానే క్రికెట్టు తెలిసినవారు పూరించుకుంటారు గాని, పద్యము పాఠకుని జేబులో చెయ్యి పెట్టరాదు. నా సూచన:

ముప్పదియును రెండు మునుపు వికెట్లందె

నాలుగవ గణము నలము, అయిదవది తగణము; రెండూ ఇంద్రగణాలే.

కందుకప్రియ:
‘కూల్చిన’ పోవడము కొంత బాధగానే ఉన్నది. అయినా మీ పాదమే ఉంచుతాను.

నిర్వాహకుడు:
తొలిబంతి గారి పూరణ మీద జరిగిన చర్చ చదివినాక నాకును ఒకటి తోచినది. ఓపెనరు నిలబడితే లాభము వెనుక వచ్చే బ్యాటర్లకే కాదు. మెల్‌బోర్న్‌లో మొదట దిగిన మన జట్టు 7 వికెట్లకు 443 వద్ద డిక్లేర్ చేసేదాక, దాదాపు రెండు రోజులు బౌలర్లు కాళ్ళు చాచుకొని కూర్చున్నారు. ఆ వెనువెంటనే బుమ్రా 33 పరుగులకు 6 వికెట్లు తీసి ఆస్ట్రేలియాను 151కి ముగించినాడు. ఓపెనర్లు త్వరగా వెనుదిరిగి జట్టు ఒక పూటలో కుప్పకూలితే, నిన్న ఇరవై ఓవర్లు వేసిన నడుమే నేటి సాయంత్రము మళ్ళీ పరుగెత్తవలసి వస్తుంది. ఓపెనరుకైనా అంతే; రోజంతా ఎండలో ఫీల్డింగు చేసి వచ్చినవానికి ప్యాడ్లు కట్టుకొనడానికి దొరికేది పది నిమిషాలు.

తోడి బౌలరులకుఁ దొలిపూట విశ్రాంతి
దొరక నిలిచె దెబ్బ దొడ్డ దైన
పరుగు లేక యున్నఁ బాతబడెను బంతి
సున్న చుట్టినట్టి శూరుఁ డతఁడు

ఎముకలగూడు:
మూడవ పాదము నాకు మందుచీటీలో వ్రాయదగినదిగా కనబడుతున్నది. ‘దెబ్బ దొడ్డ దైన’ అన్నది మాత్రము కాస్త పూరకమే. దెబ్బ వేలికా, పక్కటెముకకా?

నిర్వాహకుడు:
పక్కటెముకకే అనుకోండి. ఆ పాదములో యతి కోసము ‘దొడ్డ’ను పిలిచిన మాట నిజము, దాచను.

పాతస్కోరు:
ఒక చిన్న సందేహము. సమస్యలో ‘శూరుఁ’ దగ్గర ఒకటి, ‘డతఁడు’లో ఒకటి, రెండు అరసున్నలున్నవి. రెండూ కలిపితే నిండు సున్న అవుతుంది. నిర్వాహకులు కావాలనే చుట్టినారా?

నిర్వాహకుడు:
లేదు. మీరు చెప్పేదాక నేనూ చూడలేదు.