జులైలో ఐర్లండ్: బీఫ్, పంది తినని కుటుంబానికి అక్కడి వంటలు?

గోదారిగట్టు:
పిల్లలతో, అత్తయ్యగారితో డబ్లిన్, గాల్వే, కార్క్ వెళ్తున్నాం. ఆవిడ శాకాహారి. మేం కోడి, మేక, చేప తింటాం. అక్కడి తిండిలో ఎక్కడ జాగ్రత్త పడాలి? అద్దె ఇంట్లో ఓవెన్ ఉంది, సోడా బ్రెడ్ చేసుకోవచ్చా?

పప్పుచారు:
వైట్ పుడ్డింగ్ పాయసం కాదండీ, పంది మాంసం, ఓట్స్ కూరిన సాసేజ్. బ్లాక్ పుడ్డింగ్‌లో పంది రక్తం కూడా ఉంటుంది. రాషర్స్ అన్నా పందే. సీఫుడ్ చౌడర్ అనే చిక్కటి చేపల సూప్‌లో ఒక్కోచోట బేకన్ (అదీ పందే) వేస్తారు. కూరగాయల సూప్‌ని చికెన్ స్టాక్‌తో (ఎముకలు ఉడికించిన నీళ్లతో) కాచే చోట్లున్నాయి, చిప్స్‌ని గొడ్డు కొవ్వులో వేయించే కొట్లూ ఉన్నాయి. అందుకే "వెజ్జేనా?" అని ఊరుకోకుండా స్టాక్ దేనిది, వేయించేది నూనెలోనా అని విడిగా అడగండి.

అత్తయ్యగారికి ఛాంప్ బావుంటుంది. ఉల్లికాడలు పాలల్లో మరిగించి, మెదిపిన బంగాళాదుంపలో కలిపి, మధ్యలో గుంట చేసి వెన్న వేస్తారు. బాక్స్‌టీ అంటే పచ్చి దుంప తురుము, మెదిపిన దుంప, పిండి కలిపి పోసే అట్టు. మీకు ఐరిష్ స్ట్యూ. అసలుది గొర్రె మాంసంతోనే, కానీ గిన్నిస్ (అక్కడి నల్ల బీరు) స్ట్యూ అని రాసి ఉంటే అది చాలావరకు బీఫే.

వెన్నముద్ద:
సోడా బ్రెడ్‌కి 450 గ్రాముల మైదా, టీ చెంచాడు ఉప్పు, తలకొట్టిన టీ చెంచాడు బ్రెడ్ సోడా, 350-400 మి.లీ. బటర్‌మిల్క్. బ్రెడ్ సోడా అంటే మన వంటసోడానే, బేకింగ్ పౌడర్ కాదు. జల్లించి వేయండి, ఉండలు మిగిలితే ఆ చోట పసుపు మచ్చ, సబ్బు రుచి.

అందరూ చేసే తప్పు చపాతీ పిండిలా పిసకడం. అలా చేస్తే రొట్టె సాగుతుంది, గట్టిపడుతుంది. చేతివేళ్లతో అర నిమిషం కలిపి, 4 సెం.మీ. మందాన గుండ్రంగా సర్ది, పైన కత్తితో లోతుగా ప్లస్ గుర్తు గీయండి. లేకపోతే మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. బటర్‌మిల్క్ పులుపు తగలగానే సోడా పొంగడం మొదలెడుతుంది కాబట్టి ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి. 230 డిగ్రీల్లో 15 నిమిషాలు, తర్వాత 200లో 30. ఫ్యాన్ ఓవెనైతే 20 డిగ్రీలు తగ్గించండి. అడుగున తడితే డొల్లగా మోగాలి. ఆ రోజే తినేయాలి, మర్నాటికి ఎండిపోతుంది.

కంచెపక్క:
పబ్‌లో భోజనం అనుకుంటే తొందరగా వెళ్లండి. మే నుంచి సెప్టెంబరు దాకా 18 ఏళ్లలోపు పిల్లలు రాత్రి 10 తర్వాత బార్‌లో ఉండకూడదు, మిగతా నెలల్లో 9. కార్క్‌లో ఇంగ్లిష్ మార్కెట్ వదలొద్దు, 1788 నుంచి ఉంది. చేపలు అక్కడే కొనుక్కోవచ్చు.