ఇంటర్ అమ్మాయి అన్నం మానేసింది: దిగులు వల్లేనా?

కూకట్‌పల్లి_అమ్మ: మా పాప ఇంటర్ సెకండియర్. మొదట శనివారం ఒక్కపొద్దు అంది. తర్వాత సోమవారం, గురువారం కూడా. జుట్టు ఊడుతోంది, నెలసరి ఆగింది. లైటు వేయకుండా గదిలో కూర్చుంటుంది. డిప్రెషన్‌కి మందు వాడితే ఆకలి అదే వస్తుందా?

సింహాద్రి72: ఉపవాసాన్ని జబ్బుల్లో కలపకండి. మా అమ్మ 40 ఏళ్లుగా ఉంటోంది, ఏం కాలేదే.

రాగిజావ: ఒక్కపొద్దు అంటే ఒక పూట తినడమండీ. మా చెల్లి ప్రసాదం కూడా చున్నీ కొంగులో దాచి పారేసేది. అది భక్తా?

సింహాద్రి72: ప్రసాదం పారేసిందంటే పెంపకం అలాంటిది.

రాగిజావ: నోరు అదుపులో పెట్టుకోండి. ఈ మాట చుట్టాల నోట వినీ వినీ మా అమ్మ మంచం పట్టింది.

మెడికల్_మామ: 18 ఏళ్లుగా షాపు నాది. ఆకలి సిరప్ రెండు సీసాలు పట్టించండి, దిగులూ గిగులూ ఉండదు.

హాస్టల్_బ్యాచ్: సిరప్పా! నేను తినకపోవడం కాదు, తిని కక్కేదాన్ని. బరువు మామూలే, వార్డెన్‌కీ అనుమానం రాలేదు. పట్టుకున్నది పళ్ల డాక్టరు, ముందు పళ్ల లోపలివైపు ఎనామెల్ అరిగిందని. పొటాషియం పడిపోయిందని ఈసీజీ కూడా తీశారు. నాకు ఫ్లూక్సెటిన్ అనే డిప్రెషన్ మందు పనిచేసింది.

మెడికల్_మామ: చూశారా, అదే ఈ పాపకీ ఇవ్వొచ్చు.

నిద్రలేని_నాన్న: డాక్టరు చూడకుండా ఇచ్చేయకండి బాబూ. మా అబ్బాయి (అవును, అబ్బాయే) బాగా ఎండిపోయినప్పుడు మాత్రలు పట్టలేదు. ముందు తిండి అంది డాక్టరమ్మ. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లను దాదాపు ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి చూశారు. తిండి తగ్గేసరికే వాళ్లకి దిగులు, చిరాకు, కొందరికి వంట పుస్తకాల పిచ్చి. మావాడూ అంతే, ముద్ద ముట్టడు గానీ రాత్రంతా బిర్యానీ వీడియోలు! పక్కనే కూర్చుని తినిపించాం. గిన్నెడు పెరుగన్నానికి గంటన్నర.

గోదారి_గట్టు: మాకు దిగులే ముందొచ్చింది, తిండి గొడవ ఆర్నెల్ల తర్వాత. పెళ్లిలో బాబాయ్ 'బొద్దుగా అయ్యావే' అన్నాడు, అంతే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడారు.

కూకట్‌పల్లి_అమ్మ: రేపటికి టోకెన్ దొరికింది. ఆ గంటన్నరా ఏం మాట్లాడేవారండీ?

నిద్రలేని_నాన్న: తిండి ఊసు తప్ప ఏదైనా. ఎక్కువగా పక్కింటి కుక్క గురించి.

సింహాద్రి72: ఉపవాసం మంచిదన్న నా మాటని మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.