హాలుకి వార్మ్ గ్రేనా, కూల్ గ్రేనా?

లాసన్స్‌బే_అబ్బాయి: వైజాగ్ లాసన్స్ బేలో మా ఫ్లాట్. హాలు తూర్పు వైపు, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. నేల ఐవరీ టైల్స్. నేను కూల్ గ్రే అనుకున్నా, అమ్మ వద్దంటోంది. సంక్రాంతికి ముందే రంగుల పని అయిపోవాలి. ఏది మంచిది?

పెయింట్_మేస్త్రి: వార్మ్ గ్రే, అంటే కాస్త పసుపు ఛాయ ఉన్న గ్రే వెయ్యండి. తూర్పు హాల్లో పొద్దున్నే ఎండ పసుపుగా పడుతుంది. మధ్యాహ్నం దాటాక ఎండ పోయి ఆకాశం వెలుతురే మిగులుతుంది, అది నీలంగా ఉంటుంది. దాని మీద కూల్ గ్రే, అంటే నీలం కలిసిన గ్రే వేస్తే సాయంత్రం దాకా గది డల్‌గా ఉంటుంది. పైగా కూల్ గ్రే పక్కన ఐవరీ టైల్స్ మాసిపోయినట్టు కనిపిస్తాయి.

ఎంవీపీ_వాసి: వైజాగ్ ఉక్కపోతలో వార్మ్ ఏంటండీ? కంటికి చల్లగా ఉండాలి. ఒక పెయింటర్ మాట విని వార్మ్ గ్రే వేయించాను. రాత్రి లైటేస్తే గోడంతా మట్టిరంగు.

పెయింట్_మేస్త్రి: ఏ లైటు సార్? 3000 కెల్విన్ ఎల్‌ఈడీ అయితే పసుపు ఎక్కువవుతుంది. 6500ది పెట్టి చూడండి.

ఎంవీపీ_వాసి: లైటు మార్చమంటారా! రంగు వేసింది మీవాళ్లు, ఖర్చు నాది. నేనడిగింది వేడి గురించి.

పెయింట్_మేస్త్రి: లోపలి గోడకి గ్రే వార్మా కూలా అన్నదాంతో ఉక్కపోత మారదు. వేడి వచ్చేది డాబా నుంచి, బయటి గోడల నుంచి.

గాజువాక_కోడలు: ముందు సముద్రం వైపు గోడకి చెమ్మ ఉందేమో చూడండి. ఉప్పు తేలితే ఏ గ్రే అయినా తెల్లమచ్చలే.

ఎంవీపీ_వాసి: ఉత్తరం గదికే వార్మ్ కావాలంటారు, ఇది తూర్పు కదా?

పెయింట్_మేస్త్రి: ఆ లెక్క చలిదేశాలది, అక్కడ ఉత్తరం గదికి ఎండ పెద్దగా పడదు. మనకి మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. చార్ట్ బోర్డు మీద రెండు షేడ్లూ రెండేసి కోటింగ్‌లు వేసి, పొద్దునా సాయంత్రం ఆ హాల్లోనే పెట్టి చూడండి.

లాసన్స్‌బే_అబ్బాయి: బోర్డులు పెట్టి చూసే టైమ్ లేదు. బెంగళూరులో మా ఫ్లాట్‌కి కూల్ గ్రేనే, చక్కగా ఉంది. డబ్బు పెట్టేది నేను, ప్రతివాళ్లూ నాకు చెప్పేవాళ్లే!

గాజువాక_కోడలు: అంటే ఆ ఇంట్లో మీరు ఉండరా?

లాసన్స్‌బే_అబ్బాయి: అమ్మ ఒక్కతే ఉంటుంది. అడిగితే నాన్న వేయించిన క్రీమ్ రంగే మళ్లీ వెయ్యమంటుంది. ఇల్లు పదేళ్లుగా అలాగే ఉండిపోయింది, నేను అక్కడికి వస్తే ఊపిరాడదు.

గాజువాక_కోడలు: మీరు పండక్కి వచ్చి వెళ్తారు బాబూ. రోజంతా ఆ గోడల మధ్య ఉండేది ఆవిడ. మా అత్తగారి గదికి మావారు ఇలాగే అడక్కుండా రంగు మార్చారు, ఆవిడ హాల్లోనే పడుకోవడం మొదలుపెట్టారు. అమ్మగారిని అడగండి.

పెయింట్_మేస్త్రి: బోర్డులు ఆవిడకే చూపించండి. క్రీమ్‌కి దగ్గరగా ఉండే గ్రేలున్నాయి, మూడోది అది పెట్టండి.

ఎంవీపీ_వాసి: క్రీమ్ అయితే నాకేం అభ్యంతరం లేదు. వార్మ్ గ్రే మాత్రం వద్దు.