మాడ్యులర్ కిచెన్ అడ్వాన్సు తిరిగివ్వడం లేదు, వినియోగదారుల కమిషన్‌కు ఎలా వెళ్లాలి?

కరీంనగర్_ఇల్లు:
హైదరాబాద్‌లో షాపున్న కాంట్రాక్టరుకు రూ.1,20,000 అడ్వాన్సు, రెండు దఫాలుగా ఫోన్‌పేలో పంపాం. మొత్తం పని రూ.2,80,000. 45 రోజుల్లో బిగిస్తానన్నాడు, ఏడు నెలలైంది, ఒక్క చెక్క రాలేదు. అగ్రిమెంటు లేదు, వాట్సాప్‌లో కొటేషన్ ఉంది. అడిగితే "ప్లైవుడ్ కొనేశా" అంటున్నాడు. పోలీసులు సివిల్ గొడవ అన్నారు. లాయరు లేకుండా కేసు వేయొచ్చా? ఎంతవుతుంది?

తీర్పుకాపీ:
వేయొచ్చండి. హైదరాబాద్ తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే, అంటే కరీంనగర్‌లోనే వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపుంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు.

కానీ ముందు నోటీసు పంపండి, మీ కేసు బలమంతా దానిలోనే ఉంటుంది. "డబ్బు ఇవ్వు" అని మాత్రమే రాస్తే, పని చేయడానికి నేను సిద్ధంగానే ఉన్నాను, వాళ్లే వద్దన్నారు అని అవతలివాడు చెప్పుకోవచ్చు. అందుకే ఒక ఆఖరి తేదీ పెట్టండి: 15 రోజుల్లో పని మొదలుపెట్టాలి, లేకుంటే ఆర్డరు రద్దు, అప్పటి నుంచి మరో 15 రోజుల్లో మొత్తం తిరిగి చెల్లించాలి అని. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ ట్రాకింగ్ ప్రింటు దాచుకోండి. అదే కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లోనూ పెట్టండి.

మెట్రోపిల్లర్:
చాలామంది తప్పేది పేరు దగ్గర. బోర్డు మీది షాపు పేరుతో మాత్రమే కేసు వేస్తే, గెలిచాక ఎవరి దగ్గర వసూలు చేయాలో తేలదు. కొటేషన్ మీద జీఎస్టీ నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి, అసలు యజమాని పేరు, చిరునామా వస్తాయి. లేకపోతే ఫోన్‌పే రసీదులో కనిపించే బ్యాంకు ఖాతాదారు పేరు చూడండి. "ఫలానా షాపు, యజమాని ఫలానా" అని రెండూ రాయాలి.

కరీంనగర్_ఇల్లు:
థాంక్సండి. మరి ప్లైవుడ్ నిజంగానే కొని ఉంటే?

తీర్పుకాపీ:
బిల్లు చూపించమని నోటీసులోనే అడగండి. మీ ఆర్డరు తర్వాతి తేదీతో, మీ కొలతలకు సరిపడే పరిమాణంలో బిల్లు లేకపోతే ఆ మాట నిలబడటం కష్టం. ఉన్నా, ఆలస్యం అతనిదే కాబట్టి అడ్వాన్సు మొత్తం ఉంచుకోవడానికి అదొక్కటే సరిపోదు. ప్లై ఏ పనికైనా వాడుకోవచ్చు కదా.

ఫైలునంబరు:
ఫిర్యాదుతోపాటు అఫిడవిట్, రెండు చెల్లింపులూ కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ లావాదేవీ నంబర్లు, కొటేషన్, నోటీసు, ట్రాకింగ్ పెట్టండి. వాట్సాప్ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి, మధ్యలో తుడిచేసిన మెసేజీలుంటే అనుమానం మీ మీదికే వస్తుంది. కేసు తేలేదాకా ఆ ఫోను మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) కూడా జతచేస్తే మంచిది.

కోరేది అసలు, వడ్డీ, మానసిక వేదనకు కొంత పరిహారం, ఖర్చులు. లక్షా ఇరవై వేలకు పది లక్షల పరిహారం అడిగితే ఫిర్యాదే బలహీనపడుతుంది.

కేసు వేశాక కమిషన్ పంపే నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ మరో 15 రోజులు ఇవ్వొచ్చు, అంతకు మించి లేదు. రాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే వాళ్లు లేకుండానే విచారణ. చట్టం మూడు నెలల్లో తేల్చమంటుంది గానీ వాయిదాలతో అంతకన్నా ఎక్కువే పడుతుంది, ఓపిక పట్టాలి.

ఇంకోటి, ఇది ఇంటి కిచెన్ కాబట్టి సరిపోయింది. హోటల్ కిచెనైతే "వ్యాపార ప్రయోజనం" అని అభ్యంతరం వస్తుంది, అప్పుడు సివిల్ కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు.

మెట్రోపిల్లర్:
కమిషన్ ఆర్డరు వచ్చినా కట్టకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయాలి. 2019 చట్టం 71వ సెక్షన్ కింద ఆస్తి జప్తు, 72 కింద నెల నుంచి మూడేళ్ల జైలు లేదా రూ.25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అతను అప్పీలుకు వెళ్లాలన్నా 45 రోజుల్లో, సగం సొమ్ము ముందు డిపాజిట్ చేసి వెళ్లాలి. అందుకే అతని బ్యాంకు ఖాతా, షాపు, వాహనం వివరాలు ఇప్పుడే రాసి పెట్టుకోండి, షాపు ఖాళీ చేశాక దొరకవు.