20,000 పడ్డాయి, 18,000 వెనక్కి పంపమంటున్నాడు, పంపాలా? (పాత ఫోన్ అమ్మకం, పాత ల్యాప్‌టాప్ బేరం)

బెజవాడ బస్టాండ్:

అందరికీ నమస్తే. కొంచెం టెన్షన్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మాది విజయవాడ. చెల్లి బీటెక్‌లో చేరింది, ల్యాప్‌టాప్ కావాలంటోంది. కొత్తది కొనే పరిస్థితి ఇప్పుడు లేదు కాబట్టి నా రెండున్నరేళ్ల ఫోన్ అమ్మేసి, ఇంకో పది వేలు కలిపి సెకండ్ హ్యాండ్‌ది ఏదైనా చూద్దామనుకున్నా. నిన్న రాత్రి ఫొటోలు తీసి, 12,500 అని రాసి యాడ్ పెట్టాను.

పొద్దున్నే ఏడింటికి ఒకాయన ఫోన్ చేశాడు. బేరం లేదు, బాక్స్ ఉందా అనలేదు, బిల్లు ఉందా అనలేదు. "యాడ్ తీసేయండి బ్రదర్, 2,000 అడ్వాన్స్ కొడతా, సాయంత్రం మావాడు వచ్చి తీసుకెళ్తాడు" అన్నాడు. రెండు నిమిషాల్లో నాకు 20,000 క్రెడిట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఆ వెంటనే మళ్లీ ఫోన్: పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టాను, అమ్మ ఆస్పత్రిలో ఉంది, ఆ 18,000 ఇప్పుడే వెనక్కి వేయండి అని. ఇప్పటికి ఆరుసార్లు చేశాడు. బ్యాంక్ యాప్ ఏమో సర్వర్ బిజీ అంటోంది, బ్యాలెన్స్ కనపడటం లేదు. నిజంగా కష్టంలో ఉన్నాడేమో పాపం అని ఒక పక్క, ఎక్కడో తేడా కొడుతోందని ఇంకో పక్క. ఏం చేయమంటారు?

అలాగే పాత ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు మీ అనుభవాలు కూడా చెప్పండి, మంచివైనా చెడ్డవైనా.

విశాఖ అలలు:

తమ్ముడూ, ఒక్క రూపాయి కూడా పంపకు. ముందు ఆ మెసేజ్ ఏ నంబర్ నుంచి వచ్చిందో చూడు. బ్యాంకు మెసేజ్ అక్షరాలున్న పేరుతో వస్తుంది, మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి రాదు. బ్యాలెన్స్ నీ కళ్లతో చూసేదాకా ఫోన్ ఎత్తకు. నిజంగా పడి ఉంటే ఆయన్ని వాళ్ల బ్యాంకులో ఫిర్యాదు చేసుకోమను, బ్యాంకు ద్వారానే వెనక్కి వెళ్తాయి.

బెజవాడ బస్టాండ్:

అక్కా, పది అంకెల నంబరే! ఇంత కంగారులో నేనది చూడనే లేదు. ఏటీఎం దాకా వెళ్లొచ్చా, బ్యాలెన్స్ 3,140. నిన్న ఎంత ఉందో అంతే. బ్లాక్ చేశాను. చెయ్యి ఇంకా వణుకుతోంది.

స్క్రూడ్రైవర్:

బతికిపోయావు. నేను సికింద్రాబాద్‌లో ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తాను, పదకొండేళ్లయింది, ఈ కథ వారానికి ఒకటైనా నా కౌంటర్ ముందుకొస్తుంది. మొన్నటిదాకా "మిలటరీలో ఉన్నాను, క్యూఆర్ కోడ్ పంపుతా, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బులు పడతాయి" అనేవాళ్లు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. మనుషుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులు 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐలో ఆపేశారు, దాంతో ఒక దారి మూసుకుపోయింది, అందుకే ఈ దొంగ మెసేజ్‌ల మీద పడ్డారు. ఎవరికైనా డబ్బు పోయి ఉంటే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మొదటి గంటా రెండు గంటల్లో చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం ఉంది. మర్నాడు తీరిగ్గా వెళ్తే అది పది ఖాతాలు మారిపోయి ఉంటుంది.

ఇక ల్యాప్‌టాప్ సంగతి, ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా. మార్కెట్లో దొరికే పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసినవి. అవి చెడ్డవేం కాదు, నిజం చెప్పాలంటే షోరూంలో 30 వేలకొచ్చే కొత్త ప్లాస్టిక్ డబ్బా కన్నా అలాంటి లెనోవో థింక్‌ప్యాడో డెల్ లాటిట్యూడో నాలుగేళ్లు ఎక్కువ బతుకుతుంది, కీబోర్డు బాగుంటుంది, పార్టులు దొరుకుతాయి. కానీ "ఐ5, 8 జీబీ, 9,999 మాత్రమే" అని యాడ్ కనపడగానే ఎగిరి గంతేయొద్దు. ఐ5 అనేది ఇంటెల్ ప్రాసెసర్ రకం, అందులో ఏ తరం ఐ5? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది, విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరమూ ఆపైనా ఉండాలి, దాంతో ఆరో తరం, ఏడో తరం మెషీన్లన్నీ ఒక్కసారిగా మార్కెట్లోకొచ్చి పడ్డాయి. అవి చవకవడానికి కారణం అదే. ఇంకో సంగతి, సన్నరకం ల్యాప్‌టాప్‌లలో ఏడో తరం ఐ5కి రెండే కోర్లు (ప్రాసెసర్‌లో ఒకేసారి పనిచేసే భాగాలు), ఎనిమిదిలో నాలుగయ్యాయి. ఒక్క అంకె తేడాకి మూడు వేలు ఎక్కువైనా ఇచ్చేయండి.

చేతికొచ్చాక ఏం చూడాలంటే, ముందు బయోస్‌లోకి (విండోస్ మొదలయ్యే ముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేసి రండి, "తర్వాత తీయిస్తా" అన్న మాట నమ్మొద్దు. తర్వాత బ్యాటరీ రిపోర్టు తీయండి, కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది రెండూ చూపిస్తుంది, సగానికి పడిపోతే కొత్త బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించండి. ఎస్ఎస్‌డీ (ఫైళ్లన్నీ ఉండే డిస్కు) హెల్త్ చూడండి. మూత పది సార్లు తెరిచి మూయండి, హింజ్ దగ్గర కిర్రుమంటే లోపల ప్లాస్టిక్ పగిలి ఉంటుంది. అన్నింటికన్నా ముఖ్యం, విండోస్‌ని మొత్తం రీసెట్ చేయించి, నెట్ కలిపి, మీ ముందే మొదటి స్క్రీన్ దాకా తెమ్మనండి. ఎందుకంటే మా దగ్గరకొచ్చిన ఒక కుర్రాడు 19,000 పెట్టి ఎవరో ఇంటి దగ్గర కొన్నాడు, వారం బ్రహ్మాండంగా పనిచేసింది, రీసెట్ కొడితే ఒక కంపెనీ పేరుతో లాగిన్ అడిగింది. అది కంపెనీ లిస్టులోంచి తీయని మెషీన్, ఉద్యోగం మానేసినవాడు తిరిగి ఇవ్వకుండా అమ్మేశాడో ఏమో. అమ్మినవాడి ఫోన్ స్విచాఫ్. నేను చేయగలిగింది ఏమీ లేదు, ఆ మాట చెప్పడానికి నాకే మనసు రాలేదు.

విశాఖ అలలు:

మంచి అనుభవం కూడా ఒకటి చెప్తా, లేకపోతే అందరూ దొంగలే అన్నట్టుంది. నేను మూడేళ్ల కిందట నికాన్ డీ5600 కొన్నాను, వాడినదే. అమ్మినాయన రాజమండ్రిలో పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవారట, పెద్ద కెమెరా కొనుక్కుని ఇది అమ్మేస్తున్నారు. నేను అడగకముందే ఒక ఫొటో తీసి ఒరిజినల్ ఫైల్ మెయిల్ చేశారు, నికాన్ ఫైల్లో షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఉంటుంది కదా, చూసుకోండి అని. 61 వేలు ఉంది. ఆ కెమెరా షట్టర్ లక్ష దాకా లెక్క, అంటే సగం పైనే అయిపోయినట్టు. ఆయనే "అందుకే రేటు తగ్గించా" అన్నారు. లెన్స్‌ని టార్చి వెలుతురులో పెట్టి చూపించి, ఒక అంచున సాలెగూడు లాంటి సన్నటి ఫంగస్ ఉందని కూడా ఆయనే చెప్పారు. సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇది తెలిసిన బాధే, బీరువాలో పెట్టి మర్చిపోతే మా వైజాగ్ గాలికి ఒక్క వర్షాకాలం చాలు. నేను లెన్స్ వద్దని బాడీ మాత్రం తీసుకున్నా. ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. మెమరీ కార్డు తీయడం మర్చిపోయారు, ఎవరివో అప్పగింతల ఫొటోలు నాలుగు వందలున్నాయి, కొరియర్‌లో వెనక్కి పంపాను.

కోటి గల్లీ:

నాది చెడ్డదే అన్నా. హైదరాబాద్‌లో ఆన్‌లైన్ యాడ్ చూసి ఒకతని దగ్గర ఫోన్ కొన్నా, 14 వేలు, మెట్రో స్టేషన్ కింద కలిశాం. బాక్స్ లేదన్నాడు, ఇల్లు మారేటప్పుడు పోయిందన్నాడు, మనకూ పోతాయి కదా అనుకున్నా. ఐదు నెలల తర్వాత పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్, ఆ సెట్ పోయిందని ఫిర్యాదు ఉంది, తెచ్చి ఇవ్వమని. ముందు అది కూడా మోసమే అనుకున్నా, వెళ్లి చూస్తే నిజమే. సెట్ ఇచ్చేశా. 14 వేలు గోవిందా. ఎస్సై గారు మంచాయన కాబట్టి "తెలిసి కొంటే నువ్వూ కేసులో ఉంటావు" అని చెప్పి, నేను డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, చాట్ అన్నీ చూసి వదిలేశారు. చాట్ డిలీట్ చేసి ఉంటే నా గతి ఏంటో!

అక్కడే తెలిసింది, *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబర్‌ని (ఒక్కో ఫోన్‌కి ఒక్కోటి ఉండే గుర్తింపు నంబర్) కొనకముందే ప్రభుత్వ సంచార్ సాథీ సైట్‌లో చూసుకోవచ్చని. నెట్ లేకపోతే కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబర్ రాసి 14422కి మెసేజ్ చేసినా చెప్తుంది. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో వస్తే నమస్కారం పెట్టి వచ్చేయడమే. అర నిమిషం పని, నాకెవడూ చెప్పలేదు.

లెక్కల మాస్టారు:

అందరూ భయపెట్టేస్తున్నారు గానీ నేను ఇప్పటికి పద్నాలుగు వస్తువులు అమ్మాను, తొమ్మిది కొన్నాను. మానిటర్లు, ప్రింటర్, రౌటర్, ఇన్వర్టర్ బ్యాటరీ దాకా. దెబ్బ తిన్నది ఒక్కసారే, అదీ వ్యక్తి దగ్గర కాదు. పాత ఫోన్లు ఇంటికొచ్చి కొనే ఒక కంపెనీకి ఇచ్చాను. యాప్‌లో ప్రశ్నలన్నిటికీ నిజాయితీగా జవాబు చెప్తే 9,200 అంది. వచ్చిన కుర్రాడు భూతద్దం పెట్టి చూసినట్టు చూసి, స్క్రీన్ మీద చుక్క, ఛార్జింగ్ పోర్టులో దుమ్ము అంటూ టిక్కులు కొట్టుకుంటూ పోయాడు, చివరికి 5,700 అయింది. ఇవ్వనన్నాను. అయితే ఆ కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు, టిక్కు కొట్టకపోతే అతని జీతంలో కోస్తారట. అదే ఫోన్ మా కాలనీ గ్రూపులో పెడితే గంటలో 8,000కి పోయింది, కొన్నావిడ మా వీధి టైలరే, ఇప్పటికీ వాడుతోంది.

నా పద్ధతి ఒక్కటే. వస్తువులో ఉన్న లోపం యాడ్‌లో మొదటి లైన్లోనే రాస్తాను. "వాల్యూమ్ బటన్ గట్టిగా నొక్కాలి" అని. వచ్చే కాల్స్ సగం తగ్గుతాయి, కానీ వచ్చినవాడు కొనడానికే వస్తాడు, గుమ్మంలో బేరం ఉండదు.

డల్లాస్ నుంచి:

చిన్న మాట. అమెరికా నుంచి తెచ్చిన ఐఫోన్ అని ఎవరైనా చవగ్గా ఇస్తుంటే రెండు చూసుకోండి. ఇక్కడ వాయిదాల మీద తీసుకున్న ఫోన్లు చాలావరకు ఆ నెట్‌వర్క్‌కే లాక్ అయి ఉంటాయి, మన సిమ్ పని చేయదు. రెండోది, 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే సెట్లలో సిమ్ ట్రే అసలు ఉండదు, ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) మాత్రమే. మా బావమరిదికి నేనే ఒకటి తెచ్చి ఇస్తే ట్రే ఎక్కడుందని పిన్నీసు పట్టుకుని అరగంట వెతికాడు. అలాగే పాతవాళ్ల యాపిల్ ఖాతా అందులోంచి తీసేశాకే డబ్బు ఇవ్వండి, తీయకపోతే అది అద్దం ముక్కతో సమానం.

బెజవాడ బస్టాండ్:

పది రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నా, అందరికీ థ్యాంక్స్. మాస్టారు గారు చెప్పినట్టు యాడ్ మార్చి, "వెనక అద్దం మూలన చిన్న పగులు, బిల్లు ఉంది" అని మొదటే రాశా. గుడివాడ నుంచి ఒకాయన, ఆయన భార్య వచ్చారు, బస్టాండ్ లోపల క్యాంటీన్ దగ్గర కూర్చున్నాం. ఆయన పావుగంట ఫోన్ చూస్తే ఆవిడ అరగంట చూసింది, స్పీకర్ చెవి దగ్గర పెట్టుకుని, సెల్ఫీ తీసి, ఛార్జర్ పెట్టి, అన్నీ. నా గూగుల్ ఖాతా తీసేసి వాళ్ల ముందే రీసెట్ కొట్టా. ముందు ఒక రూపాయి పంపించి పడిందా అని అడిగి, తర్వాత మిగతాది పంపారు. 11,300కి ఇచ్చా. టీ డబ్బులు కూడా వాళ్లే కట్టారు, వద్దంటే వినలేదు.

ల్యాప్‌టాప్ 20,500 పడింది, ఎనిమిదో తరం, బయోస్ చూశా, రీసెట్ మా ముందే చేయించా, బ్యాటరీ 71 శాతం. మూత మీద ఏదో కంపెనీ స్టిక్కర్ పీకేసిన జిగురు మరక ఉంది, చెల్లి దాని మీద నెమలి బొమ్మ అంటించేసింది. ఒక్కటే, కుడివైపు హింజ్ కొంచెం లూజుగా ఉంది. స్క్రూడ్రైవర్ అన్నా, బిగించడానికి ఎంత అడుగుతారు?

స్క్రూడ్రైవర్:

స్క్రూలు మాత్రమే వదులైతే 150, మహా అయితే 200. లోపల బుడిపెలు పగిలితే పై కవర్ మార్చాలి, అది వెయ్యి దాటుతుంది. కాబట్టి ఈ వారంలోనే తీసుకెళ్లండి, అప్పటిదాకా మూత ఒక మూల పట్టుకుని లాగకుండా మధ్యలో పట్టుకుని తెరవమని చెల్లికి చెప్పండి.