ఐపీవీ6కు మారేముందు ఈఆర్‌పీలో ఏమేం చూసుకోవాలి?

జీడిమెట్ల_ఈఆర్‌పీ:
మా గోదాములూ డిస్ట్రిబ్యూటర్లూ వాడే ఈఆర్‌పీ (సరుకు, బిల్లులు, ఖాతాలు చూసే సాఫ్ట్‌వేర్) పన్నెండేళ్ల నాటిది. వచ్చే త్రైమాసికం నుంచి పాత ఇంటర్నెట్ చిరునామా పద్ధతి ఐపీవీ4తో పాటు కొత్తదైన ఐపీవీ6ను కూడా నడపాలని యాజమాన్యం నిర్ణయించింది. రౌటర్లు సిద్ధమేనని నెట్‌వర్క్ బృందం అంటోంది గానీ, సాఫ్ట్‌వేర్ సంగతి ఎవరూ ఖాయంగా చెప్పడం లేదు. ఇదివరకే ఈ పని చేసినవారు ఎక్కడ దెబ్బతిన్నారో చెబితే అక్కడి నుంచే మొదలుపెడతాం.

కొండాపూర్_డీబీఏ:
ముందు డేటాబేస్ చూడండి. ఐపీవీ4 చిరునామా 15 అక్షరాలు దాటదు కాబట్టి పాత టేబుళ్లలో ఆ కాలమ్‌ను సరిగ్గా 15కే కట్టేసి ఉంటారు. ఐపీవీ6 పూర్తిగా రాస్తే 39, చివర ఐపీవీ4ను ఇముడ్చుకున్న రూపంలోనైతే 45 వరకూ వస్తుంది. మా లాగిన్ ఆడిట్ టేబుల్ ఉన్న మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో, కాలమ్‌లో పట్టని డేటాను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ ఆపి ఉండడంతో, అది ఎర్రర్ ఇవ్వకుండా చిరునామాను 15 దగ్గర కత్తిరించి దాచుకుంది. మూడు వారాల తర్వాత ఒక క్రెడిట్ నోట్‌ను ఎవరు రద్దు చేశారో వెతకబోతే, ఒకే మొబైల్ నెట్‌వర్క్ వాడే ఫీల్డ్ సిబ్బందిలో పలువురికి అవే 15 అక్షరాలు కనిపించాయి. కాలమ్ పెంచినా సరిపోదు. అదే చిరునామాను సున్నాలు ఉంచీ తీసేసీ రాయవచ్చు కనుక స్ట్రింగులుగా పోల్చకండి. 16 బైట్ల బైనరీగా దాచడం మేలు.

నానక్‌రామ్‌గూడ_జావా:
కోడ్‌లో మొదటి కోలన్ దగ్గర విడగొట్టి పోర్టు నంబరు తీసుకునే చోట్లన్నీ వెతకండి. ఐపీవీ6 చిరునామా నిండా కోలన్లే కాబట్టి పోర్టుతో కలిపి రాసేటప్పుడు దాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. అలాగే, ఐపీవీ4నే వాడమని జేవీఎమ్‌కు (జావా ప్రోగ్రాములను నడిపేది) చెప్పే ఆప్షన్ స్టార్టప్ స్క్రిప్టులో ఉందేమో చూడండి; మా దగ్గర దాన్ని ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పగలిగినవారు ఒక్కరూ మిగల్లేదు.

అమీర్‌పేట_నెట్‌వర్క్:
ప్రపంచవ్యాప్తంగా ఐపీ చిరునామాలను కేటాయించే ఐయానా తన చివరి ఐపీవీ4 బ్లాకులను 2011 ఫిబ్రవరిలోనే పంచేసింది, మనం ఇంకా కాలమ్ వెడల్పు దగ్గరే ఉన్నాం! నా వైపు నుంచి ఒకటే మాట: పాత అలవాటుకొద్దీ ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ (నెట్‌వర్క్‌లోని ఇబ్బందులను తెలిపే సందేశాలు) మొత్తాన్ని ఆపేయకండి. ఐపీవీ6లో మధ్యలోని రౌటర్లు ప్యాకెట్లను ముక్కలు చేయవు. పెద్దదైందని పంపినవారికే కబురు చేస్తాయి. ఆ కబురు ఆగిపోతే లాగిన్ పేజీ చక్కగా తెరుచుకుంటుంది, పెద్ద ఇన్‌వాయిస్ పీడీఎఫ్ మాత్రం ఎంతకీ దిగదు. మేము రెండు రోజులు పీడీఎఫ్ లైబ్రరీని తిట్టుకున్నాం.

జీడిమెట్ల_ఈఆర్‌పీ:
అందరికీ ధన్యవాదాలు. ముందు రివర్స్ ప్రాక్సీ (బయటి కనెక్షన్లను తాను అందుకుని లోపలికి పంపే సర్వర్) ఒకటి పెట్టి, లోపలంతా ఐపీవీ4గానే ఉంచేస్తే ఈ బాధలు తప్పుతాయా?

కొండాపూర్_డీబీఏ:
కనెక్షన్ల బాధ చాలావరకు తప్పుతుందండీ. అయితే వాడుకరి అసలు చిరునామాను ప్రాక్సీ ఒక హెడర్‌లో పెట్టి పంపుతుంది, మీ అప్లికేషన్ దాన్ని తీసుకెళ్లి ఆ 15 అక్షరాల కాలమ్‌లోనే రాస్తుంది.