ఏసీ బస్సులో వేప్: సర్దుకోవాలా, దింపించాలా?

సెమిలిగుడ టీచరమ్మ

పోయిన ఆదివారం రాత్రి విశాఖ నుంచి జయపురం వెళ్లే ఏసీ స్లీపర్ బస్సు ఎక్కాం. నేను, మా అత్తగారు, ఏడేళ్ల మా పాప. సాలూరు దాటి బస్సు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టేసరికి గుప్పుమని మామిడిపండు వాసన. ఎవరో బుట్ట తెచ్చుకున్నారు కాబోలనుకున్నాను. "కార్తీకంలో మామిడిపళ్లేమిటే?" అని అత్తగారే అన్నారు. తల పైకెత్తి చూస్తే ఎదుటి పైబెర్తు పరదా సందులో చిన్న నీలం లైటు వెలుగుతోంది, ఆరుతోంది. వేప్! అదే, బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్.

ఆ మలుపులకే మా పాపకి వాంతులవుతాయి. అందుకని నిమ్మకాయ, పాలిథిన్ సంచి చేతిలో పట్టుకునే కూర్చుంటాం. ఆ తియ్యటి వాసన తోడయ్యాక మూడో మలుపుకే సంచి అవసరం పడింది. అద్దాలు తెరుచుకోవు కదా, ఏసీ బస్సాయె.

లేచి ఆ అబ్బాయిని అడిగాను. "ఇది పొగ కాదాంటీ, ఆవిరి" అని పరదా లాగేసుకున్నాడు. క్లీనర్‌ని పిలిస్తే "ఆజ్ఞా, ఆజ్ఞా" (ఒడియాలో "అలాగేనండీ" అనడం) అని తలూపి వెళ్లిపోయాడు. డ్రైవర్‌కే చెబుదామని ముందుకెళ్తే ఆయన తన పక్క అద్దం దించుకుని బీడీ కాలుస్తున్నాడు. ఇంకేం చెప్పను!

ఇంటికొచ్చాక గొడవ. సుంకి చెక్‌పోస్టు దగ్గర వాణ్ణి దింపించాల్సింది అంటారు మా ఆయన. అర్ధరాత్రి ఘాట్ మీద కుర్రాణ్ణి దింపేస్తారా, వాడికీ ఓ తల్లి ఉంటుంది అంటారు అత్తగారు. నాకు ఇద్దరి మాటా సబబుగానే ఉంది. అదే నా టెన్షన్. మీరైతే ఏం చేసేవారు?

రాయగడ కిరాణా

112 కొట్టాలి. అంతే.

జయపురం కుర్రాడు

ముందే చెప్పేస్తున్నా, నేనూ వేప్ వాడతాను. ఆ బస్సులో ఉన్నది మాత్రం నేను కాదు. ఇంజనీరింగ్‌లో రోజుకో పెట్టె సిగరెట్లు తగలేసేవాణ్ణి. ఇది పట్టుకున్నాక సిగరెట్ మానేశాను.

చిన్నపాపకి ఇబ్బందిగా ఉందని చెప్పినా ఆపకపోవడం తప్పే, అందులో వాదన లేదు. కానీ ఒక్కటి అడుగుతాను. ఇదే రూట్లో ఎండుచేపల మూట సీటు కింద పెట్టుకుని ఎక్కేవాళ్లుంటారు. ఆ వాసన జయపురంలో దిగాక కూడా చొక్కాని వదలదు. ఖైనీ నలిపి చేతులు దులిపితే పక్కవాడికి తుమ్ములు. గుట్కా నమిలి నీళ్ల సీసాలో ఉమ్మేవాడు రెండు సీట్ల అవతలే ఉంటాడు. వాళ్లని దింపించాలా అని ఎప్పుడైనా చర్చ పెట్టారా? మీ పోస్టులోనే చూడండి టీచర్‌గారూ. డ్రైవర్ బీడీ కాలుస్తుంటే "ఇంకేం చెప్పను" అని వెనక్కి వచ్చేశారు. నా వయసువాడు కాబట్టి దింపించే మాట వచ్చింది. స్టీరింగ్ పట్టుకున్నవాడితో మనకి పని ఉంటుంది, పైబెర్తువాడితో ఏం పని?

సెమిలిగుడ టీచరమ్మ

నిజమే బాబూ. డ్రైవర్‌ని అడగడానికి భయమేసింది. ఘాట్ మీద ఆయన మనసు పాడుచేస్తే బండి ఎలా తోలతాడో అని. అది న్యాయం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన అద్దం దించుకున్నాడు, మీవాడు పరదా వేసుకున్నాడు.

పర్లాకిమిడి మాస్టారు

కుర్రాడి మాటలో న్యాయం లేకపోలేదు. అయితే చట్టం దగ్గర ఎండుచేప, వేప్ ఒకటి కావు. ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబరులో అదే చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్లు, 5 లక్షల వరకు. నిల్వ చేసినందుకైతే ఆరు నెలలు, 50 వేల వరకు.

ఇన్ని చెప్పిన చట్టం "పీల్చడం" అన్న మాట మాత్రం చెప్పలేదు. అంటే అమ్మినవాడు నేరస్థుడని తేటతెల్లం. పైబెర్తులో పడుకుని పీల్చేవాడి సంగతి వాదనలో పడుతుంది. జేబులో ఒక్కటి ఉంటే అది నిల్వ కిందికి వస్తుందా అన్నది వేరే తగువు. కాబట్టి 112 కొట్టమన్న రాయగడ సోదరా, ఫోనెత్తిన కానిస్టేబుల్ ఏ సెక్షన్ రాయాలో ముందు ఆలోచించుకోవాలి.

ఇక 2003 నాటి పొగాకు చట్టం. బహిరంగ స్థలంలో పొగతాగకూడదు, ప్రజలు ప్రయాణించే వాహనాలు కూడా బహిరంగ స్థలమే. జరిమానా 200 రూపాయల వరకు. 2008 అక్టోబరు 2 నుంచి కొత్త నిబంధనలు పెట్టి గట్టి చేశారు. కానీ ఆ చట్టంలో పొగతాగడమంటే పొగాకు కాల్చి తాగడం. వేప్‌లో ఉండేది పొగాకు నుంచి తీసిన నికోటిన్ గానీ ఆకు కాదు. వకీళ్లకి పొద్దుపోయేదాకా పని. మన డ్రైవర్‌గారి బీడీ మాత్రం ఏ వాదనా అక్కర్లేని తప్పు. 200 రూపాయలు అక్కడికక్కడే!

ఈ అన్నిటికన్నా నాకు నచ్చింది 1989 రైల్వే చట్టంలోని 167వ సెక్షన్. పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగతాగకూడదని అందులో రాశారు. హాని ఉందా, వాసన ఎంత, ఆవిరా పొగా అనే లెక్కలేమీ లేవు. పక్కవాడు వద్దన్నాడు, అక్కడితో సరి. జరిమానా వందే అనుకోండి. ఈ రూలు బస్సుకీ ఉంటే టీచరమ్మగారికి ఈ పంచాయితీయే ఉండేది కాదు.

కొంచెం పక్కదారి పడతాను. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను, చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లలో ఈ అలవాటు బాగా ఉండేది. పాతపట్నం బస్సులో ఆవిడ మూతి బిగించి కూర్చుంటే కండక్టర్‌కి నిప్పు కనిపించేది కాదు, చీర మీద బూడిద పడేది కాదు. పరదా చాటు పొగకి ఆవిడే ఆదిగురువు. తర్వాత అంగిట్లో పుండు లేచింది. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

గుణుపురం నర్సు

"ఆవిరి" అన్న మాట దగ్గర ఆగాలి. ఆవిరంటే ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చేది. వేప్‌లో వేడెక్కేది నీళ్లు కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాటిలో నికోటిన్, మామిడో పుదీనానో రుచి కోసం కలిపిన రసాయనాలు. చల్లబడ్డాక అవి సన్నటి తుంపరగా గాల్లో తేలుతాయి. సిగరెట్ పొగలో ఉండే తారు ఇందులో ఉండదు, ఆ మేరకు ఆ బస్సు కుర్రాడు చెప్పింది ఒప్పే. కానీ నికోటిన్ ఉంటుంది, అది బయటికొదిలిన గాల్లో కూడా కొంత ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆ తుంపర తగిలితే దగ్గు తెర ఎత్తుకుంటుంది. ఏసీ బస్సులో లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది కాబట్టి పైబెర్తులో వదిలింది పైబెర్తులో ఆగదు.

తమ్ముడూ, సిగరెట్ మానేశానన్నావు. నికోటిన్ మానలేదు కదా? కోప్పడి అనడం లేదు. ఆరు గంటల ప్రయాణం అది లేకుండా నువ్వూ కూర్చోలేకపోతుంటే ఏం జరుగుతోందో నీకే తెలుస్తుంది.

జయపురం కుర్రాడు

అక్కా, తెలుసు. మానాలనే ఉంది. మా ఇంట్లో ఇంకా తెలీదు. అందుకే బస్సులోనే వాడుకుంటాం మాలాంటివాళ్లం, నిజం చెప్పాలంటే.

కోచ్ మెకానిక్

బస్సు సంగతి మీరు తేల్చుకోండి. రైల్లో పరదా చాటున దాగదు, బాత్రూమ్ చాటున అసలే దాగదు. ఎల్‌హెచ్‌బి అనే కొత్తరకం ఏసీ కోచ్‌లలో పొగ పసిగట్టే ఏర్పాటుంది. సన్నటి గొట్టాలతో కోచ్‌లోని గాలిని లాగి, లోపల కాంతిని చెదరగొట్టే కణాలు ఉన్నాయా అని చూస్తుంది. పొగా, వేపా అని దానికి పట్టింపు లేదు. కణాలు కనిపిస్తే అలారం. మోతాదు పెరిగితే బ్రేకులు వాటంతటవే పడతాయి.

2023 ఆగస్టులో తిరుపతి నుంచి సికింద్రాబాద్ వెళ్లే వందే భారత్‌లో ఏమైందో గుర్తుందా? టికెట్ లేనివాడొకడు గూడూరు దాటాక టాయిలెట్‌లో దూరి సిగరెట్ వెలిగించాడు. అలారం మోగింది, మంటలార్పే పొడి తనంతట తనే చిమ్మింది, జనం హడలిపోయారు. మనుబోలు దగ్గర బండి ఆగింది. మన వైపూ విశాఖ నుంచి రాయగడ మీదుగా దుర్గ్ వెళ్లే వందే భారత్ 2024 సెప్టెంబరు నుంచి తిరుగుతోంది. జాగ్రత్త.

నా కళ్లతో చూసింది ఇంకోటి. కోరాపుట్, రాయగడ మధ్య ఎన్ని సొరంగాలో మీకు తెలుసు. ఒక రాత్రి రెండు సొరంగాల నడుమ బండి ఆగిపోయింది. టార్చి పట్టుకుని కోచ్ అంతా వెతికాం. వైరు కాలిన వాసన ఎక్కడా లేదు. బబుల్‌గమ్ వాసన వస్తోంది! టాయిలెట్ తలుపు కొడితే పాతికేళ్లవాడు బయటికొచ్చి "ఏమైంది సార్, క్రాసింగా?" అన్నాడు. అన్నీ సరిచూసి బండి కదిలించేసరికి ఇరవై నిమిషాలు. ఆ కోచ్‌లో డయాలసిస్‌కి విశాఖ వెళ్తున్న పెద్దాయన ఉన్నాడు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు.

విమానమెక్కేవాళ్లకి ఇంకో మాట. ఇందులో ఉండేది లిథియం బ్యాటరీ. లగేజీలో వేసి పంపకూడదని అంతర్జాతీయ నియమం ఉంది. సామాన్ల అరలో అంటుకుంటే చూసేవాడు, ఆర్పేవాడు ఉండరు. సింగపూర్‌కో థాయిలాండ్‌కో వెళ్లేవాళ్లయితే ఇంట్లోనే పారేసి వెళ్లండి. ఆ రెండు చోట్లా నిషేధమే.

రాయగడ కిరాణా

మాస్టారూ, సెక్షన్ దొరకదని వదిలేద్దామా? ఇలా వదిలేస్తేనే రేపు స్కూలు పిల్లల సంచుల్లోకి వస్తుంది. నా కొట్టుకే వచ్చి "అంకుల్, పాడ్ ఉందా?" అని వేప్‌లో పెట్టే రసం డబ్బీ అడుగుతున్నారు, మీసాలు రాని గుంటలు. ఒకణ్ణి దింపితే పదిమందికి బుద్ధొస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు

వదిలేయమనలేదు నాయనా. వాడికి అమ్మినవాణ్ణి పట్టుకుంటే చట్టం నిండుగా నీ పక్కనుంది. నీ కొట్టుకొచ్చి అడిగారంటే ఊళ్లో ఎక్కడో దొరుకుతోందనే కదా. ఎక్కడో కనిపెట్టు, దానికి నేనూ నీతో స్టేషన్‌కి వస్తాను. రాత్రి ఒంటిగంటకి ఘాట్‌లో ఒక పిల్లాణ్ణి దింపి లారీల మధ్య వదిలేయడానికి మాత్రం రాను. అమ్మడానికి సంచిలో వేప్ సీసాలు మోసేవాడైతే చెప్పు, అది వేరు.

సుంకి జీపు

నేను సాలూరు, సెమిలిగుడ మధ్య జీపు తోలతాను. ఇరవై రెండేళ్లు. మీరు చట్టాలు చెప్పారు, నాకు తెలిసింది బండి. పన్నెండు మంది ఎక్కుతారు, తెలుగోళ్లు, ఒడియావాళ్లు, సంతకెళ్లే కొండ మనుషులు. గుడాకు అనే పొగాకు ముద్ద వేసుకునే ముసలమ్మ ఉంటుంది, కోడిపుంజుతో ఎక్కేవాడుంటాడు. అందరికీ నా రూలు ఒకటే. ఎక్కేటప్పుడే చెబుతాను: కాల్చేది, ఊదేది, ఉమ్మేది ఏదైనా సుంకిలో. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు ఆపుతాను, అక్కడ నీ ఇష్టం. ముందే తెలిస్తే ఎవడూ పేచీ పెట్టడు. సగం దారిలో చెబితేనే మాట పట్టింపు.

ఈమధ్య ఒక గుంటడు ఎక్కాడు, మెడలో పెన్నులాగ వేలాడుతోంది. ఏటి బావూ ఇది అంటే పెన్‌డ్రైవ్ అన్నాడు. సరే, పాటలుంటే పెట్టు అన్నాను. బండి అంతా నవ్వింది. సుంకి దాకా దాన్ని ముట్టలేదు పాపం.

టీచరమ్మా, మీ బస్సు తప్పు ఆ కుర్రాడిది పావలా, బస్సువాడిది ముప్పావలా. ఎక్కేముందు చెప్పలేదు, మధ్యలో ఆపలేదు, తోలేవాడే కాలుస్తున్నాడు. నేను కూడా బీడీ తాగుతాను. స్టీరింగ్ మీద చెయ్యి పడితే మాత్రం తాగను. తాగితే వెనకోడికి చెప్పడానికి నాకు నోరేదీ?

జయపురం కుర్రాడు

అన్నా, మీ రూలుకి నేను రెడీ. పది నిమిషాలు ఆపుతారని తెలిస్తే రెండు గంటలు ఆగగలం. ఏసీ బస్సువాళ్లు సాలూరులో భోజనాలకి ఆపుతారు కానీ, ఆ తర్వాత జయపురం దాకా ఆపరు. అది కూడా రాయండి ఎవరైనా.

సెమిలిగుడ టీచరమ్మ

టికెట్ మీద ఉన్న నంబరుకి ఇవాళ ఫోన్ చేశాను. బీడీ సంగతి ముందు చెప్పాను, వేప్ సంగతి తర్వాత. అవతలాయన అంతా విని "ఆజ్ఞా, చూస్తాం" అన్నాడు. అదే ఆజ్ఞా!

శుక్రవారం మళ్లీ పుట్టింటికి వెళ్లాలి. రాత్రి బస్సు వద్దంటోంది పాప.

సుంకి జీపు

శుక్రవారం పొద్దున్న ఆరింటికి సెమిలిగుడ బస్టాండు దగ్గర ఉంటాను తల్లీ. కిటికీ పక్క సీటు పాపకి. ఎండుచేపల మూట ఒకటి ముందే బుక్కయింది, టాప్ మీద వేయిస్తాను.